మెత్తటి టంకం

మా ఆయన అతికిన వెండి ఊడిందని ఇన్నేళ్లలో ఒక్కరూ వెనక్కి తేలేదు. ఆయన టంకం పెట్టి అతుకుతారు, దాని మీద నేను గాజుపొడి రంగులు నింపి కొలిమిలో కాలుస్తాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఒకే బల్లకు చెరోపక్కా కూర్చుని పోట్లాడుకుంటూనే బతికాం. "నా అతుకులన్నీ నీ రంగు కింద దాచేస్తావు" అని ఆయన దెప్పుతారు. "మీ వెండి తెల్లమొహం చూసి ఎవరు కొంటారండీ" అని నేను తగులుకుంటాను.

ఈమధ్య ఆయన చేయి వణుకుతోంది. అడిగితే కసురుకుంటారు. నేను నోరు మూసుకునే రకం కాదు గానీ, ఈ ఒక్క విషయంలో మూసుకున్నాను. పని మానేస్తే ఆ మనిషి ఏమైపోతాడోనని నా భయం.

మా మనవరాలి కోసం వెండి పిట్ట లాకెట్ చేశారు. రెక్కలు రెండూ విడిగా చేసి ఒంటికి అతికారు. నేను నీలం పొడి తడుపుతుంటే, "దీనికి రంగెందుకే, ఇలాగే ఉండనీ" అన్నారు.

"మొదలుపెట్టారూ? నీలం పిట్టే కావాలని అది నా ప్రాణం తీస్తోంది."

"చెబితే వినవు కదా" అని కిటికీవైపు తిరిగి కూర్చున్నారు.

రెక్కల గళ్లలో రంగు నింపి, ఆరనిచ్చి, కొలిమిలో పెట్టాను. కాసేపటికి కొలిమి తలుపు తీశాను. రెక్కలు రెండూ ఊడి లోపలి ఇనుప జాలీ మీద పడున్నాయి.

కొలిమికి వెళ్లే వస్తువుకు గట్టి టంకమే పెట్టాలి. గాజు కరిగే వేడికి కూడా అది కరగదు. కానీ అది పారాలంటే మంటను కదలకుండా చాలాసేపు పట్టుకోవాలి. మెత్తటి టంకం అలా కాదు, మంట తగలగానే పారుతుంది. రంగు వెయ్యని వస్తువుల మరమ్మతుకే దాన్ని వాడతాం. ఈ తేడా నాకు నేర్పిందే ఆయన. చేతిలో మంట నిలవక మెత్తటిది పెట్టారు. అందుకే పాపం రంగొద్దన్నారు. నేనేమో ఎప్పుడూ ఉండే దెప్పిపొడుపే అనుకున్నాను.

"కొలిమి ఎక్కువ కాగిందండీ, తప్పు నాదే" అన్నాను.

ఆయన లేచొచ్చి జాలీవైపు చూశారు. "ఎన్నడైనా తప్పు నాదన్నావుటే నువ్వు?" అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. తను అతకడానికి వాడే మంట గొట్టాన్ని శుభ్రంగా తుడిచి, బల్ల మీద నా వైపు పెట్టారు.

మర్నాడు రంగు గీకేసి, పాత టంకం అరగదీసి, పిట్టను నేనే అతికాను. ఒక రెక్క కాస్త వంకరగా వచ్చింది. నాకే తెలుస్తోంది, ఇక ఆయనకు తెలియదా. పక్కనే కూర్చున్న ఆయన పిట్టను అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికిచ్చేశారు.

నాకు ఏడుపు ఆగలేదు. "మీకు పుణ్యముంటుంది, ఒక్క వంకైనా పెట్టండి" అన్నాను.

"బాగానే ఉందే" అన్నారు ఆయన.