కరుణ పాత మిషనైన నాలుగు రోజులు

అరవై ఏడో సంవత్సరం ఏప్రిల్లో కరుణాకుమారి జ్వరంతో మద్రాసు నుంచి మైపాడుకి వచ్చింది. మూడో రోజుకి జ్వరం దిగింది గానీ ఒళ్ళు ఇంకా తేలిపోతున్నట్టే ఉండేది. వసారాలో చాప మీద పడుకుంటే సముద్రం హోరు ఒకసారి ఇంటి చుట్టూ తిరిగినట్టు, ఒకసారి తన తలలోంచే వస్తున్నట్టు అనిపించేది. వాళ్ళమ్మ రెబెక్కమ్మ ఆ ఊరి బళ్ళో పాతికేళ్ళు పాఠాలు చెప్పి మానుకున్న మనిషి. కూతురికి గంజి కాచి ఇస్తూ, తలగడ పక్కనున్న కాగితాల కట్ట వైపు చూసేది.

ఆ కట్ట గంగాధరం గారిది. మద్రాసులో కరుణ పనిచేసే ఆఫీసులో కోస్తా రేవులకి ఆటుపోట్ల లెక్కలు కడతారు. రెండు బీరువాలంత మిషను ఒకటి ఉండేది దానికి. అట్టకార్డులకి చిల్లులు పొడిచి, ఒక్కొక్క చిల్లుల వరసనీ ఒక్కొక్క ఆజ్ఞగా ఆ మిషనుకి అందించాలి. ఆ విద్య కరుణకి నేర్పింది గంగాధరం గారే. నాలుగేళ్ళలో ఆయన నలభై ఒక్క ప్రోగ్రాములు రాశారు. జనవరిలో కామెర్లొచ్చి పదిరోజుల్లో పోయారు. మార్చిలో ఆ మిషనునీ విప్పి లారీకెత్తించారు.

కొత్త మిషను వచ్చింది. పాతదానికంటే ఎంతో చురుకైనది. కానీ గంగాధరం గారి కార్డులు పెడితే దానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. దాని ఆజ్ఞలు వేరు, చిల్లుల అర్థాలు వేరు. కరుణా, ఆమె స్నేహితురాలు ప్రేమలీలా కూర్చుని మొదటి ప్రోగ్రామును కొత్తదాని భాషలోకి తిరగరాశారు. గాలి కొద్దిగా వీచే రోజున కూడా మైపాడు ఊళ్ళో పదడుగుల నీళ్ళుంటాయని వచ్చింది లెక్క. ఆఫీసరు ఆ కాగితం చూసి, "పాతవన్నీ పక్కన పడెయ్యండి. మొదట్నించీ రాసుకుందాం" అన్నాడు. మర్నాడే కరుణకి జ్వరం తగిలింది.

పడెయ్యడానికి మనసొప్పక ఆ మొదటి ప్రోగ్రాము కాగితాల్ని వెంట తెచ్చుకుంది.

జ్వరం దిగిన మర్నాడు పొద్దున్నే లేచి వసారా గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసింది. గడికో అంకె. అంకె ఎంతైతే అన్ని గవ్వలు. పాత మిషను జ్ఞాపకం కూడా అలాగే గళ్ళు గళ్ళుగా ఉండేది. కాగితంలో మొదటి ఆజ్ఞ చదివింది, అది చెప్పినట్టు ఇందులోవి తీసి అందులో పెట్టింది. రెండో ఆజ్ఞ. మూడో ఆజ్ఞ. తనకి తెలిసింది కలపకుండా, ముందేం వస్తుందో ఊహించకుండా, రాసింది రాసినట్టే చెయ్యాలని నియమం పెట్టుకుంది.

ఎండ ఎక్కేసరికి ఆమెకి తానెవరో సగం మరుపొచ్చింది. వేళ్ళు గవ్వల్ని జరుపుతున్నాయి. అలలు లోపలికొచ్చి ఒక గడి నింపి పోతున్నట్టుంది. గంగాధరం గారు ఇసకలో ముందు నడుస్తుంటే ఆయన అడుగుల్లోనే అడుగులేస్తున్నట్టు, ఆయన ఎక్కడ ఆగితే అక్కడ తానూ ఆగుతున్నట్టు ఉంది. అన్నం పిలుపు రెండుసార్లు వినపడలేదు.

గవ్వలు పట్టిన మూడో రోజు సాయంత్రం ఒకచోట ఆగింది. పాత మిషనుకి కూడికలు సొంతంగా రావు. ఏ అంకెకి ఏది కలిపితే ఎంతో ఒక పట్టీ జ్ఞాపకంలో ఉంటే, అందులో చూసి చెప్పేది. గంగాధరం గారు ఇక్కడ ఆ పట్టీనే మార్చేశారు. ఏడుకి ఒకటి కలిపితే సున్నా. కాసేపు అర్థం కాలేదు. తర్వాత తట్టింది. గాలి దిక్కులు! నీళ్ళని ఒడ్డుకి తోసే గాలినీ ఆయన లెక్కలో కలుపుకున్నారు. ఎనిమిది దిక్కులకీ సున్నా నుంచి ఏడు దాకా అంకెలిచ్చారు. ఏడో దిక్కు దాటితే మళ్ళీ మొదటి దిక్కే. ఆ కాస్త పని కాగానే పట్టీని యథాప్రకారం పెట్టేశారు. ప్రేమలీలా తనూ దాన్ని మామూలు కూడికనుకుని రాశారు. లెక్కలో ఊరు మునిగింది అందుకే.

నాలుగో రోజుకి లెక్క తేలింది. మర్నాడు పగలు పదీ నలభైకి పోటు.

తల్లీ కూతుళ్ళు గొడుగేసుకుని ఒడ్డుకెళ్ళారు. నీళ్ళు మెల్లగా పైకొచ్చి, వలలు ఆరేసిన చోటికి బారెడు దూరంలో నిలిచి, వెనక్కి తగ్గడం మొదలుపెట్టాయి. రెబెక్కమ్మ చేతి గడియారం చూసింది. పది నలభై అయిదు.

చేపలబుట్ట దించుకుని కూర్చున్న పేరమ్మ, "దీనికి నాలుగు దినాలు కూర్చున్నావా పాపా? చంద్రుణ్ణి చూస్తే తెలిసిపోయేది గదా" అంది.

"తెలుస్తుంది పేరమ్మక్కా. మా మిషనుకి చంద్రుడు కనపడడు" అంది కరుణ. పేరమ్మ నవ్వి రెండు సావడాయి చేపలు ఆకులో చుట్టి ఇచ్చింది.

ఇంటికొస్తూ రెబెక్కమ్మ అడిగింది. "ఆ పాత మిషను పోయిందంటివి. మరి ఈ నాలుగు రోజులూ ఏది నడిచింది?"

"నేనేనమ్మా. అది ఎట్లా నడిచేదో నేనట్లా నడిచినాను."

"కొత్తదాన్నీ అట్లా నడవమంటే నడవదా?"

కరుణ నిలబడిపోయింది. కాళ్ళ కింద ఇసక కాలుతోంది. ప్రోగ్రాముల్ని మార్చక్కర్లేదు. నలభై ఒక్కటినీ ముట్టుకోనక్కర్లేదు. కొత్త మిషనుకి ఒకే ఒక్కటి రాసిస్తే చాలు. నీలో గళ్ళు గీసుకో, ఆ కూడికల పట్టీ పెట్టుకో, ఆయన ఆజ్ఞ ఒక్కొక్కటీ చదివి పాత మిషను ఏం చేసేదో అదే చెయ్యి, అని.

ఆ ఒక్కటీ రాయడానికి ఆమెకీ ప్రేమలీలకీ ఆరు వారాలు పట్టింది. జూన్లో ఒక ఉదయం గంగాధరం గారి కార్డులు, ఆయన కట్టిన రబ్బరుబ్యాండు తీసి, ఉన్నవున్నట్టే పెట్టారు. మిషను చదువుకుంది. నడిచింది. సగంలో ఆగిపోయింది.

"పోయింది" అంది ప్రేమలీల చిన్నగా.

కరుణ కాగితం తిప్పి చూసింది. అక్కడ 'ఆగు' అని ఆయనే రాసుకున్నారు. పాత మిషను ఆ పాటికి వేడెక్కేది. ఆయన బయట మెట్ల మీద నిలబడి తమలపాకు వేసుకుని, వచ్చి మీట నొక్కేవారు. కొత్తదానికి వేడెక్కడమే లేదు, అయినా ఆయన కోసం ఆగింది.

"ఆ కార్డు తీసేద్దామా?" అంది ప్రేమలీల.

"ఉండనీ."

ఇద్దరూ మెట్ల మీదికెళ్ళి కాసేపు నిలబడ్డారు. వాన రాబోతున్న గాలి. కరుణకి ఏడుపు రాలేదు, పక్కన ఇంకొకరున్నట్టు మాత్రం తోచి కొంచెం జరిగి చోటిచ్చింది. లోపలికొచ్చి మీట నొక్కింది. అంకెలు అచ్చయ్యాయి. కిందటేడు రేవులో కొలిచి రాసిన ఎత్తులతో సరిపోయాయి.

ఆఫీసరు అచ్చయిన లెక్కనీ, రేవు కొలతల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. "కొత్తదాంట్లో రాస్తే ఇంకా తొందరగా అయ్యేది" అన్నాడు. కాగితాలు తిరిగిచ్చేస్తూ, "అన్నీ నడిపించండి" అన్నాడు.

ఆ ఎండాకాలం గడిచి వానలు పట్టేదాకా వారానికి రెండేసి కట్టలు విప్పారు. ఒకదాంట్లో ఆయన మూడుచోట్ల ఆగారు. ఒకదాంట్లో అసలు ఆగలేదు, మొదట్నుంచి చివరిదాకా ఒకే ఊపు. ఆ రోజు ఆయన ఎందుకంత సంతోషంగా ఉన్నారో అని కరుణ చాలాసేపు ఆలోచించింది.