ర్యాకుకు ఆనించిన నడుము

తిరగమోత పెట్టేటప్పుడు భానుశ్రీ ఎడమ నడుము ర్యాకుకు ఆనించి నిలబడుతుంది. మూడేళ్లుగా అదే వరస.

ఆ పాత ఇనుప ర్యాకును మొగుడు గిరిప్రసాద్ తను పనిచేసే రేణిగుంట గోడౌను నుంచి తెచ్చి నట్లు బిగించాడు. వెనకవైపు మూల నుంచి మూలకు ఏటవాలుగా వేసే రెండు పట్టీలు కూడా ఉండేవి. అత్త ఆదిలక్ష్మమ్మ ఇత్తడి గంగాళం వాటికి తగిలి లోపలికి పోలేదు. "ఊడబెరికేయ్ రా" అందామె. ఊడబెరికాడు.

"అవి లేకుంటే పక్కకు వాలుతుందండీ. నాలుగు మూలల చట్రాన్ని ఎంత బిగించినా అంతే. మధ్యలో ఏటవాలు పడి మూడు మూలలైతేనే కదలదు" అంది భానుశ్రీ. పెట్టెలాంటి చట్రాలు ఎట్లా నిలబడతాయన్నదే ఆమె పరిశోధన. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే.

"నువ్వు కాగితం మీద చూస్తివి. నేను దినామూ ర్యాకుల్లోనే తిరగతాండాను. సూడు, కదల్తాదా?" అని తట్టి చూపించాడు.

కదల్లేదు. అటుపక్క ఆమె నడుము ఆనించి ఉంది మరి.

కాలేజీకి పోయేటప్పుడు నడుముకు బదులు బియ్యం మూట ఆనించి పోయేది. మూట ఆడెందుకు ఉందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఈరోజు పదింటికి ఏర్పేడులోని కాలేజీలో ఆమె పరిశోధన మీద ఆఖరి మౌఖిక పరీక్ష, వైవా. "మాటలు చెప్పేదే గదమ్మా, ఇంకో దినం చెప్పుకో. చుట్టాలొస్తాండారు" అంది అత్త. "అమ్మ చెప్పేది నిజమే" అన్నాడు మొగుడు. భానుశ్రీ ఊరగాయ జాడీలు, గంగాళం, గిన్నెలు అన్నీ దించి నేల మీద పెట్టింది. మూటను మూలకు లాగేసి బస్సెక్కింది.

"ఏటవాలు పట్టీ లేని చట్రం ఏళ్ల తరబడి నిలబడిందంటే ఏమనుకోవాలి?" అని పరీక్షకుడు అడిగాడు.

"లెక్కలో రాయని ఆధారం ఒకటుందని, సార్."

ఆయన నవ్వి, సంతకం పెట్టాడు.

బయటికి రాగానే ఫోను. "భానూ! గిన్నెలు మళ్లీ సర్దితిమి, ర్యాకు మీదికొస్తాండాది! ఈపక్క నేను, ఆపక్క అమ్మ పట్టుకోనుండాం. చుట్టాలు వాకిట్లో ఉండారు!"

"పట్టీలు మంచం కింద ఉండాయి."

"చెయ్యి వదిల్తే గదా తీసేది!"

"అయితే చుట్టాల్ని తియ్యమనండి."

"నువ్వెప్పుడొస్తావు?" వెనక నుంచి అత్త మూలుగు వినబడింది.

"నిదానంగా వస్తాను. నడుము ఆనించండి, చేతులు నొప్పెయ్యవు. అట్లా మూడేళ్లయినా నిలబడొచ్చు. నేను నిలబడినాను" అని, భానుశ్రీ క్యాంటీనులో ఒక టీ చెప్పింది.