గురువులు వేయని చివరి ముక్క

అబద్ధం చెప్పడానికి అర్జునరావుకి పట్టింది మూడు సెకన్లు.

ఏప్రిల్ నెల. మధ్యాహ్నం రెండు గంటలు, షిఫ్టు దిగే వేళ. రేవులో బొగ్గు దించే క్రేన్ కింద అతను వెల్లకిలా పడి ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద వంకర తిరిగింది. పరుగెత్తుకొచ్చిన సూపర్‌వైజర్ ఒకటే అడిగాడు.

"ఎలా పడ్డావ్?"

ఒకటి. రెండు. మూడు.

"నిచ్చెనకి గ్రీజుంది సార్."

ఆ క్రేన్‌కి గ్రీజు పెట్టి, నిచ్చెన మెట్లకి అంటింది తుడిచేవాడు వీర్రాజు. ఆ ఉదయం కూడా పెట్టాడు. చీకటి పడకముందే అతన్ని సస్పెండ్ చేశారు.

నాలుగు నెలలు గడిచాయి. అర్జునరావు కాల్లో స్టీలు ప్లేటు పడింది. రేపు సోమవారం పదకొండు గంటలకి ఎంక్వయిరీ. అదే మాట మరోసారి చెప్పి సంతకం పెడితే వీర్రాజు ఉద్యోగం పోతుంది. నిజం చెబితే తన క్రేన్ పోతుంది. పద్నాలుగేళ్లుగా రోజూ ఎక్కి కూర్చున్న సీటు.

నిజం చాలా చిన్నది. అతను ఆ నిచ్చెన దిగలేదు, జారాడు. మెట్ల మీద కాలు పెట్టకుండా, రెండు పక్కల కమ్మీలనీ అరచేతులతో, బూట్లతో నొక్కిపట్టి సర్రున జారాడు. ఫైటు సినిమాలో చైనా హీరో జారినట్టు. అప్పుడు చూసేవాళ్లు కూడా ఎవరూ లేరు. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, పన్నెండేళ్లుగా ఆఖరి ఇరవై అడుగులూ అలాగే దిగుతున్నాడు. షిఫ్టంతా బొగ్గు పొడి మింగిన తర్వాత అతనికి మిగిలే సరదా అదొక్కటే. ఆ రోజు చెమటకి చెయ్యి జారింది.

ఆదివారం మధ్యాహ్నం మల్కాపురంలోని అర్జునరావు ఇంటికి గురువులు వచ్చాడు. చంకలో సీడీ ప్లేయర్, చేతిలో అద్దె సీడీల కవరు. గురువులు అతని అక్క మొగుడు. పాతపోస్టాఫీసు దగ్గర ఓ థియేటర్లో పద్దెనిమిదేళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాడు. కిందటేడు దాన్ని మూసేసి సిమెంటు గోదాము చేశారు.

"ఏటి బావా, మంచం మీదే కాపరమా?"

"నిద్దర పట్టట్లేదు."

అర్జునరావు పెళ్లాం గౌరీశ్వరి టీ గ్లాసులు పెట్టింది. "పగలూ పట్టదు, రాత్రీ పట్టదు అన్నయ్యా. కాలు కాదు, ఇంకేటో సలుపుతంది ఈయనకి. అడిగితే గోడకేసి తిరిగిపోతాడు."

"నువ్వెల్లి పని సూసుకో," అన్నాడు అర్జునరావు.

"సూసుకుంటన్నాను. నీ పని కూడా నానే సూసుకుంటన్నాను."

గురువులు టీవీకి వైర్లు పెట్టి బొమ్మ వేశాడు. పాత సినిమా. అర్జునరావు దాన్ని ఆ థియేటర్లోనే తొమ్మిదిసార్లు చూశాడు. భాష ఎవరికీ అర్థమయ్యేది కాదు, అయినా హాలు నిండేది. హార్బరు నుంచి వలలు ఆరేసి వచ్చేవాళ్లు, ఉక్కునగరం నుంచి నైట్ షిఫ్టు దిగి నిద్ర మానుకుని వచ్చేవాళ్లు. ఎందుకొచ్చేవారో గురువులు చెబుతుండేవాడు: "మన హీరోకి దెబ్బ తగిలితే డైలాగు సెప్తాడు. ఈడు సెయ్యి ఊదుకుంటాడు. దెబ్బ దెబ్బలాగుంటది."

నిజమే. ఈ హీరో పదిమందిని కొట్టడానికి వచ్చినవాడు కాదు. పారిపోదామనుకుని దొరికిపోయినవాడు. కుర్చీ, చీపురు, ఆరేసిన దుప్పటి, ఏది చేతికందితే దానితో తప్పించుకుంటాడు. గుద్దిన తర్వాత తన పిడికిలే పట్టుకుని గెంతుతాడు. ఒళ్లు నొప్పులతో వచ్చి కూర్చున్నవాళ్లకి అది చూస్తే కడుపుబ్బ నవ్వొచ్చేది. బయటికొచ్చేసరికి మెడ కాస్త తేలికయ్యేది.

ఇవాళ అర్జునరావుకి నవ్వు రాలేదు. హీరో గోదాము నిచ్చెన మీదనుంచి సర్రున జారి, కింద పిండి బస్తాల్లో పడి, తెల్లగా లేచి నలుగురినీ తన్నే చోట కళ్లు పక్కకి తిప్పుకున్నాడు.

సినిమా అయిపోయింది. పేర్లు మొదలయ్యాయి. అతను కర్ర కోసం చెయ్యి చాపాడు.

"కూకో. అవ్వనేదు," అన్నాడు గురువులు.

"ఇంకేటుంది?"

"సూడు."

పేర్ల పక్కన చిన్న చిన్న ముక్కలు పడుతున్నాయి. షూటింగులో తప్పిపోయిన ఫైట్లు. హీరో తన్నబోయి తనే పడ్డాడు. లేచి నవ్వాడు. సీసా తగిలి కనుబొమ చిట్లింది. తర్వాత నిచ్చెన. సగం దూరం జారాక చెయ్యి వదిలేసింది. బస్తాల మీద పడలేదు, పక్కన నేల మీద పడ్డాడు. లేవలేదు. జనం పరుగెత్తుకొచ్చారు. ఎవరో మెడకింద చెయ్యి పెట్టారు. హీరో ముఖంలో వేషం లేదు. నొప్పి మాత్రమే ఉంది. తర్వాతి ముక్కలో మెడకి పట్టీ, మళ్లీ అదే నిచ్చెన. క్లాప్ కొట్టే పలక మీద టేకు నంబరు ఏడు.

అర్జునరావు కర్ర కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇది ఎప్పుడూ సూడనేదు నాను."

"ఎవడూ సూడనేదు. నాను ఎయ్యనేదు." గురువులు చల్లారిన టీ తాగాడు. "పేర్లు పడగానే జనం లేచేవోరు. గేట్లు తీసేసేవోరు. ఖాళీ కుర్చీలకి ఎవడేత్తాడు? దీపం ఆర్పేసేవోణ్ణి. అన్ని సినిమాలకీ అంతే."

"నువ్వు సూసేవా?"

"ఒకపాలి రీలు సెక్ చేత్తంటే సూసేను. మరి సూడబుద్ధవనేదు."

గురువులు గ్లాసు కింద పెట్టి, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎంతెత్తునుంచి జారేవు బావా?"

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"గ్రీజు..."

"ఒగ్గేయ్. మా హాల్లో మేడమెట్ల కమ్మీ నీ ఫేంటుతోనే నున్నగయింది. ఆ హీరోకేటీ అవదనుకున్నావు. ఆ ముక్క సూపించుంటే నువ్వు జారేవోడివి కాదేమో. ఆ ఇసారం నాకుంది. వీర్రాజుది మాత్రం నీకే ఉండాల."

"సెప్తే నవ్వుతారు. ఈ వయసులో కోతిలాగ..."

"నవ్వుతారు," అన్నాడు గురువులు. వైర్లు చుట్టుకుని వెళ్లిపోయాడు.

సోమవారం. ఎంక్వయిరీ గదిలో టేబుల్ ఫ్యాను, మూడు కుర్చీలు, టైపు మిషను. విచారణ అధికారి శ్రీరామ్మూర్తి ఆరు నెలల్లో రిటైరవబోతున్నాడు. వీర్రాజు గోడవారగా నిలబడి ఉన్నాడు. అర్జునరావు అతనివైపు చూడలేదు.

"పాత స్టేట్‌మెంట్ చదివాను. మార్పులేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి సార్. నిచ్చెనకి గ్రీజు లేదు."

శ్రీరామ్మూర్తి పెన్ను కింద పెట్టాడు. "మరి ఎలా పడ్డారు?"

"జారేను సార్. కావాలనే జారేను. సినిమాలోలాగ."

టైపు మిషను ముందున్న ధనశ్రీ వేళ్లు ఆగిపోయాయి. "ఏమని కొట్టమంటారు సార్?"

"కొంచెం వివరంగా చెప్పండి," అన్నాడు శ్రీరామ్మూర్తి. "కావాలనే జారడం అంటే?"

మాటల్లో చెప్పడం అర్జునరావు వల్ల కాలేదు. కర్ర గోడకి ఆనించాడు. కుర్చీ వెనుక కమ్మీలు రెండు చేతులతో పట్టుకుని, మంచి కాలి మీద నిలబడి, ప్లేటు పడిన కాలు గాలిలో చాపి, ఇలా, అన్నాడు. ఫ్యాను గాలికి చొక్కా ఎగిరింది. కుర్చీ కిర్రుమంది. ధనశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు వినబడింది. శ్రీరామ్మూర్తి కిటికీలోంచి బయటికి చూస్తూ పెదాలు బిగబట్టాడు.

నాలుగు నెలలుగా భయపడిందే జరిగింది. అయినా కుర్చీ వదిలేవరకూ అతను ఆ భంగిమ చెడగొట్టలేదు.

"ఎన్నాళ్లుగా?"

"పన్నెండేళ్లు సార్."

"మళ్లీ క్రేన్ ఎక్కనివ్వరు. తెలుసా?"

"తెలుసు సార్."

అతను కొత్త కాగితం మీద సంతకం పెట్టాడు. పాత కాగితం మీద శ్రీరామ్మూర్తి అడ్డంగా గీత కొట్టి, వీర్రాజు సస్పెన్షన్ ఎత్తేసి రేపటి తేదీతో గేటు పాసు ఇప్పించాడు.

బయట వరండాలో వీర్రాజు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కొడతాడేమోనని అర్జునరావు కర్ర గట్టిగా పట్టుకున్నాడు.

"నాలుగు నెల్లు," అన్నాడు వీర్రాజు. "మా అమ్మ కూడా అడిగింది, నిజంగా తుడవనేదేటిరా అని. నాకే అనుమానం వచ్చింది. పడుకుంటే ఆ మెట్లన్నీ మళ్లీ తుడుత్తండేవోణ్ణి. ఒక్కో మెట్టు."

"తప్పయిపోయింది వీర్రాజూ."

"అవును. అయ్యింది."

రేవులో ఓడ కూత వేసింది. అర్జునరావు క్రేన్ మీద ఇంకెవరో కూర్చుని బొగ్గు ఎత్తుతున్నారు. వీర్రాజు జేబులోంచి గేటు పాసు తీసి, తేదీ చూసుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అతని డ్యూటీ రేపు ఉదయం ఆరింటికి.

"నాను బాగానే తుడిసేను," అన్నాడు. ఎవరితోనో అన్నట్టు అన్నాడు. వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.