ఏడాదిగా ఎవరూ ఎక్కని గుర్రం

తొలెగెన్ పోయినప్పుడు అంతా గబగబా జరిగిపోయింది. పొద్దున్న ప్రాణం పోతే మర్నాడు పొద్దు వాలకముందే మట్టిచేసి వచ్చారు. గడ్డకట్టిన నేలమీద మంటలు వేసి, కరిగినంత మేర తవ్వుకుంటూ పోయారట. 'అట' అనడం ఎందుకంటే అతని భార్య ఖాలిమా అది చూడలేదు. ఆ కొండల్లో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. గుడారంలో గోడవైపు తిరిగి కూర్చుని, నడుముమీద చేతులు పెట్టుకుని శోకాలు పాడుతుంటారు. ఆమె పాట సగంలో ఉండగానే వెనక మనిషిని ఎత్తుకెళ్లిపోయారు. తిరిగి చూసేసరికి చాప ఖాళీ. అలా తీసుకెళ్లిపోయారన్న ఆమె కోపం ఏడాదైనా తీరలేదు, తీరకపోవడం న్యాయమే.

అతని బట్టలు ఆనవాయితీ ప్రకారం శవానికి స్నానం చేయించినవాళ్లకి పోయాయి. మిగిలింది తొరు, అతని ముదురు గోధుమరంగు గుర్రం. ఆ రోజే దాని తోక, జూలు కత్తిరించి మందలో వదిలేశారు. యజమాని పోయిన గుర్రాన్ని ఏడాదిపాటు ఎవరూ ఎక్కకూడదు, కొట్టకూడదు, జీను వేయకూడదు. ఏడాది విందు రోజున దాన్ని కోస్తారు. పైలోకంలో అతను నడిచి తిరగకూడదు కదా, ఎక్కడానికి గుర్రం ఉండాలి.

ఖాలిమా రోజూ ఆడగుర్రాల పాలు పితకడానికి వెళ్లి ఆ గుర్రాన్ని దూరంనుంచి చూసి వచ్చేది. విందు దగ్గరపడేకొద్దీ ఆమెకి తిండి సయించకుండా పోయింది.

"నీకు మొగుడికంటే ఆ గుర్రంమీదే ఎక్కువ ప్రేమలా ఉందే," అంది తోడికోడలు ఉల్బికే పిండి పిసుకుతూ.

"మీ మరిది మాట్లాడితే కదక్కా. గుర్రమైతే కనీసం సకిలిస్తుంది."

ఇద్దరూ నవ్వారు. తర్వాత ఖాలిమా తలగుడ్డ అంచుతో కళ్లు తుడుచుకుని, ధైర్యం కూడదీసుకుని బావగారి దగ్గరికి వెళ్లింది. ఎసెంగెల్దికి డెబ్బై దాటాయి. ముక్కుమీద కోపం, నోట్లో ఎత్తిపొడుపు, ఆ వంశంలో అందరికీ పెద్ద.

"బావగారూ, తొరుని వదిలేయండి. బదులుగా నా ఆడగుర్రాన్ని కోసుకోండి."

"మా తమ్ముడు అక్కడ నీ పాలగుర్రమెక్కి ఊరేగాలా? మా నాన్న చూస్తే నవ్వి నవ్వి చచ్చిపోతాడు. నయం, ముందే పోయాడు."

ఆమె తల దించుకుని అక్కడే నిలబడింది. ముసలాయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"చూడమ్మా," అన్నాడు ఈసారి మెల్లగా. "పాతిపెట్టడం పని. శవం ఆగదు, పొద్దు ఆగదు. పరిగెత్తాం. ఆ రోజు మనకి ఏడుపే తప్ప బుర్ర లేదు. ఈ విందుకి పెద్దలు ఏడాది గడువు ఎందుకిచ్చారనుకున్నావ్? మనసు పెట్టి పంపుతామని."

"నా మనసు పంపనంటోంది."

"అయితే దాన్ని పట్టుకోవడం మావాళ్ల వల్ల కాకూడదని దేవుణ్ణి వేడుకో. అది తప్పించుకుపోతే నేను వెతకమనను. మాట."

ఆమె వేడుకుంది. మనసారా వేడుకుంది.

విందు రోజున లోయ నిండా జనం. కాగులకింద పొగ, పందేల గుర్రాల గంతులు, ఎక్కడెక్కడి చుట్టాలో. తొరుని తేవడానికి ఉచ్చుకర్రలు పట్టుకుని ఎనిమిదిమంది రౌతులు కొండెక్కారు. ఏడాదిగా మనిషి చెయ్యి తగలని గుర్రం వాళ్లని మధ్యాహ్నందాకా ఏడిపించింది. ఇటు తరిమితే అటు, అటు తరిమితే ఇటు. కిందున్నవాళ్లు పందేలు మరిచిపోయి దాన్నే చూశారు. కత్తిరించిన తోక మళ్లీ పెరిగి గాలికి ఎగురుతోంది. అంత అందమైన ప్రాణిని తామెప్పుడూ చూడలేదని గుర్రాల మధ్య పుట్టి పెరిగిన ముసలివాళ్లే అన్నారు. చివరికి రౌతులు చేతులెత్తేశారు.

పోరా, నాయనా, పో అనుకుంది ఖాలిమా. శిఖరం దాటితే అవతల ఎవరూ లేని గడ్డిమైదానాలు.

తొరు శిఖరంమీదికి ఎక్కింది. అక్కడ ఆగింది. తరిమేవాళ్లెవరూ లేకపోయినా ఆగింది. అవతలివైపు చూడలేదు. రౌతులనీ చూడలేదు. చెవులు నిక్కించి కింద తొలెగెన్ గుడారం తలుపునే చూస్తూ నిలబడింది.

ఖాలిమాకి అప్పుడర్థమైంది. అది స్వేచ్ఛగా తిరగడం లేదు. ఏడాదిగా ఎదురుచూస్తోంది. అతను బయటికి వస్తాడని, జీను వేస్తాడని. దానికి ఎవరూ చెప్పలేదు. తనకి మాత్రం ఎవరు చెప్పారు? తనూ పొద్దున్నే రెండు గిన్నెల్లో టీ పోసి, ఒకటి పారబోస్తూనే ఉంది కదా.

ఆమె లేచి, కళ్లెం అందుకుని, జనంలోంచి నడిచి వెళ్లి కొండ మొదట్లో నిలబడింది. నోరు తెరిచింది. ఏ శోకం పాడాలో ఆలోచించుకోలేదు. "కురా... కురా..." అంది. తొలెగెన్ రోజూ తెల్లవారగానే గుర్రాన్ని పిలిచే పిలుపు. చివర్లో గొంతు కీచుమని విరిగే ఆ విరుపుతో సహా, అచ్చం అతని గొంతు. ముప్పై ఏళ్లు పక్కమీంచి విన్న గొంతు తన లోపల ఉందని ఆమెకే తెలియదు. వెనక ఉల్బికే అదిరిపడి కూర్చుండిపోయింది.

తొరు దిగి వచ్చింది. పరుగు లేదు, బెదురు లేదు. రాళ్లమీద ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి ఆమె భుజంమీద మూతి ఆనించింది. ఆమె కళ్లెం తగిలిస్తే తల వంచి తగిలించుకుంది.

"లేడురా," అంది ఆమె దాని చెవిలో. "ఆయన రాడు. నువ్వే వెళ్లాలి."

ఆ మాట పైకి అన్నది అదే మొదటిసారి. అప్పుడు ఏడ్చింది, ఏ పాటా లేకుండా, వెక్కివెక్కి.

వాళ్లిద్దరూ జనంలోకి వస్తుంటే కూర్చున్నవాళ్లు లేచారు. ఎవరూ లేవమనలేదు. వందలమంది, పసిపిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు కూడా, వరసలు వరసలుగా లేచి దారి ఇచ్చారు. ఇంటిపెద్ద వస్తే లేచినట్టు లేచారు. ఎసెంగెల్ది గుండెమీద చెయ్యి పెట్టుకుని, చిన్నవాళ్లే ముందు చెప్పాల్సిన సలాం మొదటిసారి తనే ముందుగా, గుర్రంవైపు తిరిగి చెప్పాడు. "సలాం, తమ్ముడూ."

కత్తి పట్టుకున్న మనిషి ముందుకి రాబోతే ముసలాయన అతని చేతిని పట్టి ఆపాడు. అందరూ నిలబడే ఉన్నారు. ఎవరికీ తొందర లేదు. ఖాలిమా గుర్రం నుదురు నిమిరింది, పెరిగిన జూలుని వేళ్లతో దువ్వింది, కళ్లనిండా చూసుకుంది.

తర్వాత తనే కళ్లెం చాపింది.

"తీసుకోండి బావగారూ," అంది. "ఈసారి నేనే పంపుతున్నా."