కంభం సంత ధర

సంతరోజు పొద్దు వాలుతుంటే పప్పులో ఉప్పు వేయడానికి శ్రీశైలమ్మకు చెయ్యి రాదు. ఉప్పు సరిపోయిందా లేదా అన్నది కంభం సంతలో ఆముదాల ధర తేలుస్తుంది మరి. ధర లేచిన వారం మొగుడు మాలకొండయ్య మారు వడ్డించుకుని, "నువ్వూ తినవే" అంటాడు. పడిన వారం అదే పప్పు చప్పగా ఉంటుంది, అదే చెంబులో నీళ్లు వాసన కొడతాయి, ఆమె పుట్టింటివాళ్లలో ఎవరికీ వంట చేతకాదు. కాపురానికి వచ్చిన కొత్తలో, పిచ్చిది, నిజంగానే తన చేతిలో ఏదో లోపముందనుకుని ఒకటికి నాలుగుసార్లు రుచి చూసేది.

ఆ తిట్లు వింటూ వింటూనే ఈ యేడు ఆమెకు ధర నడక పట్టుబడింది. పడిన ధర మళ్లీ లేస్తుంది, నిజమే. కానీ లేచిన ప్రతిసారీ వెనకటిసారి లేచినంత ఎత్తుకు పోవడం లేదు. పడ్డప్పుడు వెనకటిసారి ఆగినచోట ఆగకుండా ఇంకా కిందికి దిగుతోంది. అతగాడి సంబరం వారం వారం తగ్గింది, తిట్లు వారం వారం ముదిరాయి. మెట్టచేలో ఆమె కోసి, ఎండబెట్టి, కొట్టి, చెరిగిన ఆముదాలు మాత్రం నడవలో బస్తాల్లోనే ఉన్నాయి. ఒకరోజు ధైర్యం చేసి, అమ్మేద్దామంది.

"చెన్నపట్నం రేవుకు దొరల ఓడలొస్తాయంట, ఆముదాలకు ధర ఎగురుతాది. పొయ్యికాడ కూచునేదానివి, నీకేం తెలుసే ధర సంగతి?" అన్నాడు. ఆపైన నవ్వుతూ, "పడితే ఏమైంది? నీ బర్రె ఉండనే ఉంది. అమ్మి ఇత్తనాలు తెచ్చుకుందాం" అన్నాడు.

దూడప్పటినుంచి ఆమె సాకిన గేదె అది. ఆ ఇంట్లో ఎవరినీ అడగకుండా ఆమె ముట్టుకోగలిగిన డబ్బంటూ ఉంటే, దాని నెయ్యి అమ్మిన డబ్బే. ఆ రోజునుంచి ఆమెకు తిన్నది ఒంటబట్టలేదు.

ఈ సంతరోజు మొగుడికంటే ముందు దళారి ఓబయ్యశెట్టి బండి వచ్చి వాకిట్లో ఆగింది.

"రైలుపెట్టెలో ఇంకా చోటుందమ్మా. పొద్దున ధర కొంచెం లేచింది. మీ ఆయన సంతలో కనపడలా, ఓడల కబురు కోసం మార్కాపురం పోయినాడంట. ఇస్తారేమోనని వచ్చినా."

"వాడు లేడు నాయనా, పోయిరా" అంది అరుగు మీదినుంచి అత్త వెంకటసుబ్బులమ్మ.

"ఉండన్నా" అంటూ శ్రీశైలమ్మ బయటికి వచ్చింది.

శెట్టి భుజం మీది తువ్వాలు తీయబోయి ఆగిపోయాడు. బేరమంటే తువ్వాలు కింద చేతులు కలపాలి. ఒక్కో వేలికి మణుగుకు ఒక్కో రూపాయి, పక్కవాడికి తెలియకుండా వేళ్లు పట్టుకుని ధర చెప్పుకోవాలి. పరాయి మగాడి చెయ్యి పట్టుకోకూడదు గనుక ఆడది బేరానికి రాదు. ఎవరు పెట్టారో గానీ, గట్టి ఏర్పాటే చేశారు.

మొగుడు వచ్చి కొడతాడు, తప్పకుండా కొడతాడు. రేపు ధర ఎగిరిందంటే బతికినన్నాళ్లూ దెప్పుతాడు. తనే పొరబడిందేమో! అమ్మకుండా ఉంచితే, ధర ఎగరకపోతే గేదె పోతుంది. ఇప్పుడు లేచింది కూడా కొంచెమేనట.

ఆమె చెయ్యి చాపింది. శెట్టి అటూ ఇటూ చూసి తువ్వాలు కప్పాడు. ఆమె రెండు వేళ్లు పట్టుకున్నాడు. ఆమె మూడో వేలు కూడా అందించింది.

"మూడంటే ఎక్కువమ్మా."

"ఎక్కువైతే కానీ. మూడే."

బస్తాలన్నీ బండికెక్కాయి. డబ్బు ఆమె కొంగున ముడేసుకుంది. అత్త బుగ్గలు నొక్కుకుంది.

"మగోడి చెయ్యి పట్టుకుంటివి గదే! వాడొచ్చి అడిగితే ఏం చెప్తావు?"

"ధర చెప్తానత్తా" అంది శ్రీశైలమ్మ. "నచ్చకపోతే పోయి సంతను తిట్టుకోమను."