మా అన్న ఆటల కొట్టు

డోన్ స్టేషన్ రోడ్డులో మా నాయన కిరాణా కొట్టును ఆనుకుని చిన్న గది ఒకటి ఉంది. ఇప్పుడందులో వేరుశనగ చెక్క బస్తాలు వేశాం. తలుపు తీస్తే ఎవరికైనా చెక్క వాసనే కొడుతుంది. నాకు మాత్రం వేడెక్కిన కంప్యూటర్లు, నిమ్మకాయ సోడా, కుర్రాళ్ళ చెమట అన్నీ కలిసిన పాత వాసనే తగులుతుంది. పిచ్చిదానివని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఆ గదిలో గడిచినంత హాయిగా నాకు మళ్ళీ రోజులు గడవలేదు.

రెండువేల రెండులో మా అన్న రాఘవేంద్రప్రసాద్ హైదరాబాదు నుంచి నాలుగు పాత కంప్యూటర్లు తెచ్చి, వాటిని వైర్లతో కలిపి ఆటల కొట్టు పెట్టాడు. మా నాయన నాగసుబ్బయ్య చాలా రోజులు మొహం ముడుచుకునే తిరిగాడు. "శెనక్కాయలు అమ్ముకునే ఇంట్లో ఈ టపటపలేందిరా?" అని గొణిగేవాడు. ఆడి అలసిన కుర్రాళ్ళు సోడాలకూ బిస్కెట్లకూ మా కొట్టుకే వస్తున్నారని కనిపెట్టాక గొణగడం తగ్గింది. వ్యాపారస్తుడు మరి.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. అన్న భోజనానికి వెళితే గది నాదే. ఎండాకాలం కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టేవాళ్ళం. మనుషులకు కాదు, కంప్యూటర్లకు. ఉన్న ఒక్క ఫ్యానూ వాటి వైపే తిప్పి ఉండేది. కరెంటు పోతే నలుగురూ ఒక్కసారిగా పెట్టే కేక రైల్వే గేటు దాకా వినపడేది. కరెంటు వచ్చేదాకా అందరూ మా అరుగు మీద కూర్చుని, ఆటలో ఎవరు ఎవర్ని ఎలా చంపారో చెప్పుకుని పడీపడీ నవ్వేవాళ్ళు. చచ్చినవాడే చంపినవాడికి సోడా ఇప్పించేవాడు. ఇప్పటికీ కరెంటు పోతే నా చెవులు ఆ కేక కోసం చూస్తాయి.

మా కొట్టుకు తాతల నాటి కట్టుబాటు ఒకటి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో రెండు వర్గాలకూ సరుకు మా దగ్గరే. ఏ వర్గం మనిషైనా చేతిలో ఉన్నదీ, నడుముకు ఉన్నదీ అరుగు మీద పెట్టి లోపలికి రావాలి. సంచిలో ఏముందని మేం అడగం, విప్పి చూడం. పగవాడు లోపల బెల్లం తూకం వేయించుకుంటుంటే రెండోవాడు బయట నిలబడాలి. మా గడప దగ్గర ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. అన్న ఈ కట్టుబాటునే ఆటల గదికీ పెట్టి, ఇంకొక మాట చేర్చాడు. గదిలో ఊరి సంగతులు ఎత్తకూడదు.

అందుకే ప్రదీప్‌కుమార్, రామకృష్ణ పక్కపక్క కుర్చీల్లో కూర్చోగలిగారు. ఇద్దరిదీ ఒకే ఊరు. ఊళ్ళో ఒకరి వీధిలోకి ఒకరు అడుగుపెట్టరు. ప్రదీప్ చిన్నప్పుడు, వాళ్ళ నాయనను జీపు మీద బాంబులు వేసి చంపారు. వేయించింది రామకృష్ణ తండ్రి శేషన్న అని మండలమంతా తెలుసు. కోర్టులో సాక్షులు నిలవలేదు. ఆ జీపులో వెనక సీట్లో ప్రదీప్ కూడా ఉన్నాడు.

ఆ పిల్లాడు తుపాకుల ఆటకు బొత్తిగా పనికిరాడు. ఆటలో బాంబు మోగితే కళ్ళు మూసుకునేవాడు. తెరిచేలోపు చచ్చిపోయి ఉండేవాడు. మొదట్లో అందరూ ఎగతాళి చేశారు. సంగతి అర్థమయ్యాక రామకృష్ణే ఒకరోజు, "మనం కార్లాట ఆడదాంలేప్పా" అన్నాడు. అప్పటి నుంచీ వాళ్ళిద్దరిదీ కార్లాటే. పక్కవాళ్ళు తుపాకులు పేలుస్తుంటే రామకృష్ణ అడక్కుండానే సౌండు తగ్గించేవాడు. తండ్రి చేసిన దానికి ఆ పిల్లాడు అలా ఏదో సర్దుకుంటున్నాడని నాకు అనిపించేది.

రెండువేల నాలుగులో ఒక ఉదయం ప్రదీప్ నువ్వులూ దర్భలూ కావాలని వచ్చాడు. ఏటా అదే రోజు వాళ్ళింటికి మా కొట్టు నుంచే ఆ సరుకు వెళుతుంది. వాళ్ళ నాయన సంవత్సరీకం. నేనే పొట్లం కట్టాను. కాసేపు కార్లాట ఆడి పొమ్మంటే, "ఈ దినం కాదులేక్కా" అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే బస్టాండు దగ్గర శేషన్న మీద వేటకొడవలితో పడ్డాడు. శేషన్న ప్రాణం దక్కింది కానీ కుడిచెయ్యి మళ్ళీ లేవలేదు. ప్రదీప్ కొడవలి పట్టుకుని అక్కడే నిలబడితే పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు.

మర్నాడు పేపర్లో మా గది ఫోటో పడింది. తుపాకుల ఆటలు తలకెక్కి కుర్రాడు మనిషిని నరికాడని రాశారు. ఊరు ఊరంతా మా మీద పడింది. గడ్డివాముల్లో బాంబులు దాచిన పెద్దమనుషులు కూడా వచ్చి, పిల్లల్ని పాడు చేస్తున్నావని మా అన్నకు వేలు చూపించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళను మొహం మీదే కడిగేద్దామని లేచాను. నాకంటే ముందు మా నాయన లేచాడు. ఆ గదంటే గిట్టని మనిషి!

"ఆ ఆటలో వేటకొడవలి యాడుండాదప్పా? సూపియ్యండి. ఈ ఆట ఈడికి రాకముందు మన ఊళ్ళల్లో మనుషులు సావలేదా?" అన్నాడు. పెద్దమనుషులు ఒక్కొక్కరే అరుగు దిగారు.

పంచాయితీ పెట్టమని రెండు వర్గాలకూ మధ్యవర్తి అయిన దాసన్న దగ్గరికి అన్నే కబురు పంపాడు. జరిగింది జరిగినట్టు చెబుతాను, నా కొట్టు నాకు మిగిలితే చాలన్నాడు. ఆ గది తప్ప వాడికి ఇంకేమీ పట్టదు. పెళ్ళి మాట ఎత్తితే కొత్త కంప్యూటర్ మాట ఎత్తేవాడు.

పంచాయితీకి ముందురోజు ప్రదీప్ వాళ్ళమ్మ రాజ్యలక్ష్మమ్మ మా కొట్టుకొచ్చింది. ఎండ మండిపోతుంటే నడిచొచ్చి, చెప్పులు విప్పి అరుగు మీద కూలబడింది. నీళ్ళిస్తే ముట్టుకోలేదు.

"రాఘవా, రేపు ఏమని చెప్తావు నాయనా?"

"ఉన్నదే చెప్తానమ్మా. ఆ దినం ఏం దినమో మాకు తెలుసు కదా."

"అది చెప్పొద్దు. ఆటే చేసిందని చెప్పు."

అన్న తెల్లబోయాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసింది.

"పగతో నరికినాడంటే వాళ్ళూరుకోరు. నా సిన్నోడు భూపేష్‌ను తీస్తారు. దానికి మావోళ్ళు ఆ రామకృష్ణను తీస్తారు. ఆటతో పిచ్చెక్కి నరికినాడంటే పిచ్చోని మీద పగ ఉండదు నాయనా. ఈడితో ఆగిపోతాది."

"ప్రదీప్ ఆ తుపాకులాట ఆడనే ఆడడమ్మా. బాంబు మోగితే కండ్లు మూసుకుంటాడు" అన్నాడు అన్న.

ఆమెకు ఆ సంగతి తెలియదు. వినగానే తల బాదుకుంది.

"ఏటేటా ఇస్తరాకు ముందర కూకోబెట్టి నేనే చెప్పినా. మీ నాయన ఆకలి ఇంకా తీరలేదురా, తీరలేదురా అని నేనే చెప్పినా. వాడు తీర్చినాడు. నా బిడ్డను నేనే పంపించినా నాయనా."

పిల్లల్ని అలా పెంచిన తల్లి మీద నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆమె ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. అన్న లేచి గదిలోకి వెళ్ళాడు. తలుపు సందులోంచి చూశాను. ప్రదీప్ కూర్చునే కుర్చీ వెనక నిలబడి దాని వీపు మీద చెయ్యి వేశాడు. బయటికొచ్చి, "సరేనమ్మా, అట్లే చెప్తా" అన్నాడు.

ఆడపిల్లకు పంచాయితీలో పనేమిటని నాయన కసిరినా మర్నాడు నేనూ వెళ్ళాను. దాసన్న బండల ఫ్యాక్టరీలో, కోసిన నాపరాళ్ళ మీద రెండు వర్గాలూ ఎదురెదురుగా కూర్చున్నాయి. శేషన్న కట్టు కట్టిన చేత్తో కుర్చీలో ఉన్నాడు. ఆయన పక్కనే రామకృష్ణ.

"పొద్దస్తమానం నా కొట్లోనే ఉండేవాడు. తుపాకులాట ఆడీ ఆడీ మతి చెడింది. తప్పు నాది" అన్నాడు అన్న.

రామకృష్ణ గబుక్కున తలెత్తాడు. అబద్ధమని ఆ పిల్లాడికంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు? అన్నా, ఆ పిల్లాడూ ఒకరినొకరు చూసుకున్నారు. రామకృష్ణ తల దించుకుని, "అవు. ఆ ఆటే ఆడతాండె" అన్నాడు.

శేషన్న మా అన్న వైపు చాలాసేపు చూశాడు.

"నిజమేనా శెట్టీ?"

"నిజమే పెద్దాయనా."

"అయితే పిచ్చోని మీద పగేంది? ఆ కొట్టు మూసేయండి. అంతే" అని లేచాడు. వెనకున్న మనుషులు ఏదో సణిగితే ఒక్క చూపు చూశాడు. ఆగిపోయారు.

ఆ సాయంత్రం అన్న వైర్లు చుట్టాడు. నేను సాయం పట్టాను. వాడి వేళ్ళ కింద నలిగి అరిగిపోయిన బటన్ల మీద అక్షరాలు కూడా లేవు. కంప్యూటర్లను ఎవరో బళ్ళారి మనిషి పట్టుకుపోయాడు. ఆ తర్వాత మా అన్న కిరాణా కొట్లో కూర్చున్నాడు. నీ ఆటే కదా అంత పని చేసిందని ఎవరు పొడిచినా, "అవునప్పా" అనేవాడు. పళ్ళు బిగబట్టుకుని వినేదాన్ని. కడప జైల్లో ఉన్న ప్రదీప్‌ను చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా బిస్కెట్లు పట్టుకెళ్ళేవాడు. ఏం మాట్లాడుకుంటారంటే, కార్ల గురించి అనేవాడు.

ఈ అబద్ధం సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. శేషన్న ఇప్పుడు లేడు కాబట్టి ఈ ఒక్క రోజు సంగతీ చెప్పొచ్చు.

రెండువేల తొమ్మిదిలో నేను పుట్టింటి కొట్లోనే ఉన్నాను. మా ఆయన హార్డ్‌వేర్ షాపు పక్క సందులోనే కాబట్టి నాకు రెండూ ఒకటే. శేషన్న చచ్చుబడిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు బారచాపి మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ప్రదీప్ తమ్ముడు భూపేష్ వచ్చి నువ్వులు, దర్భలు అడిగాడు. నేను డబ్బా తీస్తుంటే శేషన్న గొంతు తగ్గించి అన్నాడు.

"కొత్త నువ్వులు పెట్టమ్మా. ఈ దినం ఆ పిల్లోని నాయనది."

డబ్బా కింద పెట్టి ఆయన వైపు తిరిగాను.

"మీకు గుర్తుండాదా పెద్దాయనా?"

"నాకు గుర్తుండకపోతే ఇంకెవరికుంటాదమ్మా? ఆ పొద్దు కొడవలి సూసినప్పుడే అనుకున్యా, ఈ దినమే కదా అని."

పంచాయితీలో మా అన్నను అంతసేపు ఎందుకు చూశాడో అప్పుడు తెలిసింది. అన్నీ తెలిసే ఆయన మా అన్న అబద్ధాన్ని చెయ్యి చాచి పుచ్చుకున్నాడు.

అప్పుడే రీచార్జి కార్డులు వేసే కుర్రాడొకడు బండి దిగాడు. కర్నూలు నుంచి కొత్తగా వస్తున్నాడు. మూసిన గది వైపు చూసి, "ఏమప్పా, గేములాడి మనిషిని నరికింది ఈడేనంట కదా? గేములకే అంత పని చేస్తారా ఎవరైనా?" అని నవ్వాడు.

అన్న తూకం ఆపి, ఎప్పటి మాటే చెప్పబోయాడు. శేషన్న ఎడమచెయ్యి ఎత్తి మా అన్నను ఆపాడు.

"ఆటే చేసిందప్పా. నన్నడుగు, దెబ్బ తిన్నోన్ని నేను."

భూపేష్ నువ్వుల పొట్లం తీసుకుని, పెద్దాయన కాళ్ళు దాటకుండా పక్కగా తిరిగి అరుగు దిగాడు.