పేరోడి జామీను

అంబదాస్‌కు ఇంట్లో కాలు నిలవడం లేదు. కూర్చుంటే మోకాళ్లు ఊగుతాయి, నిలబడితే కుడి భుజం ఏదో పోగొట్టుకున్నట్టు తేలిగ్గా అనిపిస్తుంది. కోసాడ్ ఆవాస్‌లో వాళ్లది ఒక గది, ఒక వంటిల్లు. గదిలో సగం నేల మీద అతని భార్య సారక్క చీరలు పరుచుకుని అంచులకు రాళ్లు అంటిస్తుంటుంది. మిగిలిన సగంలో అతను కిటికీ దాకా పోతాడు, తలుపు దాకా వస్తాడు, మళ్లీ కిటికీ దాకా పోతాడు.

"జర ఒక్కకాడ కూసోరాదు? నీ కాలి దుమ్మంత గమ్ముకు అంటుకుంటది" అంది సారక్క తలెత్తకుండా.

"కూసుంటె ఏం వస్తదే?"

"తిరుగుతె ఏం వస్తది మరి?"

అతను చొక్కా తొడుక్కుని, మాస్కు పెట్టుకుని, స్కూటరు తాళం తీసుకుని ఠాణాకు బయల్దేరాడు.

అతని తుపాకి ఆ ఠాణాలోనే ఉంది. జగిత్యాల దిక్కు నుంచి బట్ట నేసే సాంచలు నడపడానికి సూరత్ వచ్చిన అంబదాస్, మనిషి ఆరడుగులు ఉండేవాడు. ఒకసారి కార్ఖానా డబ్బు బ్యాంకుకు తీసుకుపోతుంటే ఎవరో సంచి లాక్కుని పారిపోయారు. అంబదాస్ వాళ్లను సందుసందునా తరిమి సంచి వెనక్కి తెచ్చాడు. ఆ రోజే కార్ఖానా సేఠ్ అతన్ని సాంచల దగ్గర నుంచి తీసి తన వెంట పెట్టుకున్నాడు. తనే ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు ఇప్పించాడు, రెండు గొట్టాల తుపాకి కొనిచ్చాడు. సేఠ్ పోయి కార్ఖానా మూతపడ్డాక, అదే తుపాకితో ఒక ఏజెన్సీ ద్వారా పర్వత్ పాటియాలోని బ్యాంకులో గన్‌మన్‌గా చేరాడు. ఇన్నేళ్లలో ఎవరి మీదా పేల్చింది లేదు. అయినా తుపాకి ఉన్న మనిషికీ, కట్టె పట్టుకున్న వాచ్‌మన్‌కూ నెల పగార్‌లో తేడా, పలకరింపులో తేడా. పక్క దుకాణాల వాళ్లు అతన్ని 'గన్‌మన్ కాకా' అనే పిలుస్తారు.

లైసెన్సు గడువు లాక్‌డౌన్‌లోనే ముగిసింది. అర్జీ ముందే పెట్టుకున్నాడు. అయితే మనిషి నడత మంచిది, కేసులేమీ లేవని పోలీసులు విచారించి రాయాలి. ఆ రాత రాలేదు. గడువు దాటిన తుపాకి ఇంట్లో ఉంచుకోకూడదని ఠాణాలో జమ చేయించారు. తుపాకి లేని గన్‌మన్ తమకెందుకని ఏజెన్సీ వాళ్లు డ్యూటీ ఆపేశారు.

బ్యాంకు మేనేజరు భుజంగరావు కాకినాడ మనిషి, అడాజన్‌లో ఉంటాడు. ఆయన మాత్రం ఫోన్ చేసి ధైర్యం చెప్పాడు. "నీ చోట ప్రస్తుతానికే వేరే అతన్ని పెట్టారు అంబదాస్. పోలీసు రిపోర్టు రాగానే వచ్చెయ్యి. ఏజెన్సీ వాళ్లతో నేను మాట్లాడతాను."

ఠాణాలో లైసెన్సుల పని చూసేది ఈశ్వర్‌భాయ్ అనే జమాదారు. అతని బల్లకూ జనానికీ మధ్య తాడు కట్టారు. పక్కన వేడినీళ్ల ఫ్లాస్కు. ఎప్పుడు వెళ్లినా ఒకటే మాట చెప్పేవాడు: సగం మంది బందోబస్తులో ఉన్నారు, కొందరు ఆస్పత్రిలో ఉన్నారు, ఇంటింటికీ పోయి విచారించడానికి మనుషులు లేరు, కరోనా బీమారి తగ్గనీ.

ఆ రోజు మాత్రం అంబదాస్‌ను చూడగానే కుర్చీలో ముందుకు జరిగాడు.

"కాకా, నీ పేరు మీద కేసు ఉంది కదా. చెప్పలేదేం?" అన్నాడు హిందీలో.

అంబదాస్‌కు అర్థం కాకపోతే అతనే విడమర్చాడు. లాక్‌డౌన్‌లో తమను ఊరికి పంపమని సాంచల కూలీలు రోడ్డెక్కిన రోజున పోలీసు బండి మీద రాళ్లు పడ్డాయి. అప్పుడు రాసుకున్న పేర్లలో ఒకటి 'అంబదాస్ రాజయ్య, తెలంగాణ' అట. ఇంటిపేరు లేదు, వయసు లేదు. ఇతను ఆడెపు అంబదాస్. తండ్రి పేరు రాజయ్యే.

"ఆ రోజు నేను బ్యాంకు డ్యూటీలో ఉన్నాను సాబ్. మా మేనేజర్ సారును అడగండి."

"అడుగుతాను. ఉత్తరం తెచ్చినా తీసుకుంటాను. కానీ ఆ పేరుగలవాడు దొరకనంత కాలం, వాడు నువ్వు కాదని నేనెట్లా సంతకం పెట్టను? రేపు పైవాళ్లు నన్నే అడుగుతారు." ఈశ్వర్‌భాయ్ గొంతు తగ్గించాడు. "మీ తెలుగువాళ్లందరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుస్తుంది. వాడెక్కడున్నాడో కనుక్కుని తీసుకురా. నీ రిపోర్టు ఆ రోజే పంపిస్తాను."

ఆ మాట చెడ్డగా అనలేదతను. పని తేలే దారి చెబుతున్నట్టే అన్నాడు. అంబదాస్ బయటికొచ్చి స్కూటరు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఎండ మండుతోంది. ముఖం తెలియని ఒక మనిషి తన పేరు పెట్టుకుని తన అన్నం ముందు అడ్డంగా కూర్చున్నట్టు అతనికి అనిపించింది.

అక్కడి నుంచి నేరుగా పర్వత్ పాటియా పోయాడు. అక్కడ పోశమ్మ మెస్సు నడుపుతుంది. సాంచల మీద పనిచేసే తెలంగాణ మగవాళ్లలో ఆమె చేతి తిండి తినని వాడు తక్కువ. ఇప్పుడు బెంచీలు గోడకు ఎత్తి పెట్టి ఉన్నాయి. ఆమె గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"అంబదాస్ అంటె నాకు నలుగురైదుగురు ఎర్క. నువ్వడిగేది దూస ఇంటిపేరోళ్ల పోరగాడా?" అంది.

"రాళ్ల కేసుల పేరున్నోడు."

పోశమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "వానితోని నీకేం పని?"

"పనుంది వదినా. వానికి మంచి పనే."

ఆ అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో అతనికే వింతయింది. పోశమ్మ మరికాస్త తటపటాయించి చెప్పింది. "ఊరికి పోయెటందుకు భయపడి ఈడనే దాసుకున్నడు. మీ కోసాడ్‌లనే ఉన్నడు, పెండ్లాంతోని వాని మరదలింట్ల."

ఇన్నాళ్లూ తను కిటికీకీ తలుపుకూ మధ్య తిరుగుతున్న చోటికి నాలుగు బిల్డింగుల అవతలే ఉన్నాడన్నమాట.

తలుపు తీసింది ఒక సన్నటి ఆడమనిషి. వెనుక నేల మీద, అచ్చం తన ఇంట్లో లాగానే, చీరలు పరిచి ఉన్నాయి. వాటి ముందు కూర్చున్న యువకుడు గడపలో ఆరడుగుల మనిషిని చూసి గమ్ము డబ్బా తన్నుకుంటూ లేచి వంటింట్లోకి పరుగెత్తాడు.

"ఆగు తమ్మీ. నేను పోలీసును కాదు. నా పేరు సుత అంబదాసే."

కూర్చున్నాక అంతా చెప్పాడు. అంతా అంటే, సగం. పేరు ఒకటే కావడంతో తన లైసెన్సు ఆగిందన్నాడు. ఠాణాకొచ్చి ఒక్కసారి ముఖం చూపిస్తే ఇద్దరు వేరువేరని తేలిపోతుందన్నాడు. ముఖం చూపించాక ఏమవుతుందో చెప్పలేదు.

చిన్న అంబదాస్, తలుపు తీసిన తన పెండ్లాం దిక్కు చూశాడు. ఆమె అంబదాస్ దిక్కు చూసింది. "నువ్వు పెద్దమనిషి తీరున్నవన్నా. ఒక్క గంటల మల్ల తోల్కొస్తవు గదా?"

"తోల్కొస్త" అన్నాడు అంబదాస్.

స్కూటరు మీద ఇద్దరూ బయల్దేరారు. వెనుక కూర్చున్న కుర్రవాడు భుజం పట్టుకున్నాడు. తుపాకి ఆనే భుజమే అది. మలుపు మలుపుకూ ఆ పట్టు బిగుస్తోంది. ఠాణా గేటు కనబడింది. బయట తాడు, లోపల ఈశ్వర్‌భాయ్ బల్ల. బ్రేకు మీద కాలు పెట్టాడు అంబదాస్. అదే నిమిషాన వెనుక నుంచి కుర్రవాడు, "అన్నా, బయట బండికాడనే ఉంటవా, లోపటికి నువ్వు సుత వస్తవా?" అని అడిగాడు.

అంబదాస్ బ్రేకు మీది కాలు తీశాడు. స్కూటరు గేటు దాటిపోయింది. తాపీ వంతెన దాకా ఆగలేదు. వంతెన పక్కన ఆపి, దిగి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని రెయిలింగు పట్టుకున్నాడు.

"నిన్ను పట్టియ్యనీకె తెచ్చిన తమ్మీ" అన్నాడు నదిని చూస్తూ. "మొకం చూసి ఇడిశిపెట్టరు. లోపలేస్తరు. గది నాకెర్కనే."

కుర్రవాడు పారిపోలేదు. అతని పక్కకొచ్చి నిలబడి, "నేను సుత నీకొకటి జెప్పలే" అన్నాడు. "అందరు ఇసిరిన్రు, నేను సుత ఇసిరిన. ఒక్క రాయి. ఎవలకు తాకలే. మా బాపుకు పానం బాగలేకుండె. పోనియ్యలే. గాయినె సచ్చిపోయినంక ఫోన్ల చూసిన."

వంతెన మీద అంబులెన్సు ఒకటి కూత పెట్టుకుంటూ పోయింది. అంబదాస్ అది దూరమయ్యేదాకా ఆగి భుజంగరావుకు ఫోన్ కలిపాడు.

భుజంగరావు కూతురు కీర్తి వకీలు. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది. అడాజన్‌లో వాళ్ల అపార్ట్‌మెంటు కిందే, పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు దూరం దూరంగా వేసి ఇద్దరితోనూ మాట్లాడింది.

"ఠాణాకి కాదు అంకుల్, సీదా కోర్టుకే వెళ్దాం. అక్కడ సరెండర్ అయితే బెయిల్ అడగొచ్చు. ఇలాంటి కేసులో మిగతావాళ్లకి వచ్చింది కూడా. కానీ ఇక్కడి మనిషి ఎవరైనా జామీను ఉండాలి. సొంత ఇల్లు ఉన్నవాళ్లు." ఆమె కుర్రవాడి వైపు తిరిగింది. "నీకెవరున్నారు?"

సొంత ఇల్లున్న వాళ్లెవరూ లేరన్నాడతను.

"నాకిల్లుంది" అన్నాడు అంబదాస్.

కీర్తి వెంటనే ఒప్పుకోలేదు. "ఆలోచించుకోండి అంకుల్. ఇతను పారిపోతే మీ ఇంటి మీదికొస్తుంది. ఇంకోటి, మీ నడత గురించి రాయాల్సిన పోలీసులే మీరు రాళ్ల కేసు ముద్దాయికి జామీను ఉన్నారని కూడా రాస్తారు. మీ లైసెన్సుకి అది మంచిది కాదు."

ఇంటికొచ్చి సారక్కకు చెప్పాడు. ఆమె చేతిలో పని ఆపేసింది.

"తుపాకి కోసమని పోయి ఇల్లు ఒడ్డి వస్తివా? వాడెవడు మనకు? రాయి ఇసిరిన్నని వాడే అంటుండె గద."

"అంటుండు. అందుకే గద నమ్మబుద్ధయితది."

"నీకేమో అయ్యింది" అంది సారక్క. అంబదాస్ మళ్లీ కిటికీకీ తలుపుకూ తిరగడం మొదలుపెట్టాడు. ఆమె కాసేపు ఓర్చుకుని, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని బయటికి పోయింది. ఎటు పోయిందో చెప్పలేదు. తిరిగొచ్చేసరికి పొద్దు గూకుతోంది.

"వాని పెండ్లాం మూడ్నెల్ల కడుపుతోని ఉన్నది. పోరనికి మెల్లగ జెప్పొచ్చిన, ఒక్క వాయిదకు పోకున్నా నీ ఇంటి ముంగట వచ్చి కూసుంట అని" అంటూ బీరువా తెరిచి ఇంటి కాయితాల సంచి అతని ఒళ్లో పెట్టింది. "నాకైతె ఇష్టం లేదు, ఎర్కేనా. అయినా నువ్వు గిట్ల తిరుగుతుంటె నేను సూడలేను."

చిన్న అంబదాస్ కోర్టులో లొంగిపోయాడు. బెయిలు వచ్చేదాకా కొన్నాళ్లు లోపలే ఉండాల్సి వచ్చింది. ఆ కొన్నాళ్లూ అంబదాస్‌కు కంటి మీద కునుకు లేదు. జైల్లో ఎవరికో బీమారి సోకిందని వాట్సాప్‌లో వస్తే కీర్తికి ఫోన్ చేసేవాడు. ఆమె తీయకపోతే భుజంగరావుకు చేసేవాడు. "అమ్మాయి కోర్టులో ఉంది, నువ్వు కాస్త కుదుటపడు" అని ఆయన విసుక్కున్నాడు కూడా. చివరికి కుర్రవాడు దగ్గుతూ బయటికొచ్చాడు. టెస్టులో ఏమీ లేదు, జలుబే.

తర్వాత అంబదాస్ ఠాణాకు పోయాడు. ఈశ్వర్‌భాయ్ అంతా అప్పటికే విన్నాడు.

"మనిషి దొరికాడు, నువ్వు వేరని తేలింది. బాగానే ఉంది. కానీ జామీను నిలబడ్డావే కాకా. అది రాయకుండా ఎట్లా?"

"రాయండి సాబ్. నిలబడ్డాను కదా."

ఈశ్వర్‌భాయ్ ఫ్లాస్కు మూతలో నీళ్లు పోసుకుని తాగాడు. "నా దగ్గరికి తెచ్చుంటే ఈపాటికి తుపాకి నీ భుజాన ఉండేది" అన్నాడు. కోపంగా కాదు, జాలిగా.

ఫైలు పైకి పోయింది, ప్రశ్నతో కిందికొచ్చింది. ముద్దాయికీ నీకూ ఏం చుట్టరికం అని అడిగారు. రాసిచ్చాడు. మళ్లీ పోయింది. ఈలోగా రెండో అల వచ్చి పడింది. లైసెన్సుల సంగతి అడగడానికే సిగ్గనిపించే రోజులవి. ఈశ్వర్‌భాయ్ కుర్చీ ఖాళీగా ఉండేది. ఆస్పత్రిలో చాలాకాలం ఉండి, బతికి బయటపడి, వేరే చోటికి బదిలీ అయ్యాడని తర్వాత తెలిసింది. అంబదాస్ కట్టె పట్టుకుని ఒక టీకా కేంద్రం దగ్గర జనాన్ని వరసలో నిలబెట్టే పనిలో చేరాడు. సగం పగార్. పొద్దంతా అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయేది, అయితే తిరుగుడు మాత్రం తగ్గింది.

లైసెన్సు దీపావళి దాటాక చేతికొచ్చింది. ఠాణా గదిలోంచి తెచ్చిచ్చిన తుపాకికి గొట్టాల మీద తుప్పు మచ్చలు. ఇంటికి తెచ్చి నూనె గుడ్డతో తుడుస్తూ ఓ పూటంతా గడిపాడు. సారక్క చీరలు ఎత్తి అతనికి చోటిచ్చింది. బ్యాంకులో మాత్రం అతని చోటు లేదు. గన్‌మన్‌ను తీసేసి కెమెరాలు పెంచారు, భుజంగరావు వైజాగ్‌కు బదిలీ మీద పోయాడు. పోయే ముందు ఆయనే వరాఛాలో ఒక నగల దుకాణం వాళ్లకు అంబదాస్ గురించి చెప్పి పోయాడు. అక్కడ కుదిరాడు.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్న రోజున అంబదాస్ దుకాణంలో తుపాకి అప్పగించి సెలవు అడుగుతాడు. మొదటిసారి అడిగినప్పుడు కొత్త సేఠ్, "కోర్టులో ఎవరున్నారు నీకు? కొడుకా, తమ్ముడా?" అన్నాడు.

అంబదాస్‌కు హిందీలో సరైన మాట తట్టలేదు. "మా పేరోడు సేఠ్" అని తెలుగులోనే చెప్పి, స్కూటరు తీశాడు. సందు చివర చిన్న అంబదాస్ బిడ్డనెత్తుకుని అప్పటికే ఎదురుచూస్తున్నాడు.